కుట్టుకు అరంగుళం

"గుణిస్తే పెరగాలె గద మేడం, గిది తగ్గిందేంది?"

ఆరో తరగతిలో ఏటా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. ఈ ఏడు అడిగింది రెండో బెంచీ చివర కూర్చునే అమ్మాయి. అరను అరతో గుణిస్తే పావు అని బోర్డు మీద రాసి ఉంది. బల్ల మీది పేపర్లోంచి ఒక పేజీ తీసి సగానికి మడిచి, మడత మీద బొటనవేలి గోరుతో గట్టిగా గీశాను. మళ్ళీ సగానికి మడిచాను. ఈసారి గోరు సగం దాకా పోయి ఆగింది. అట్లా గోటితో గీయడం నా అలవాటు కాదు. అది నాకు నేర్పిన మనిషి పోయిందని ఆ రోజు పొద్దున్నే ఛత్రినాక నుంచి ఫోన్ వచ్చింది.

ఆమె పేరు రాయను. రాసినా ఛత్రినాకలో ఆమెను రోజూ చూసినవాళ్ళే ఎవరామె అని అడుగుతారు. చిన్నాపెద్దా అందరికీ ఆమె మిషనక్క. పొట్టి మనిషి, చురుకైన నడక, మెడలో టేపు. పెళ్ళికి పోయినా, గుడికి పోయినా, మాదన్నపేటలో కూరగాయలకు పోయినా ఆ టేపు మెడలో ఉండాల్సిందే. కాసేపు తీసి పెట్టరాదా అక్కా అని ఒకసారి అడిగాను. "పుస్తెలతాడన్న మరుస్తగని దీన్ని మరువ" అంది, పళ్ళ మధ్య గుండుసూదులు పట్టుకొని. ఆమె మాటల్లో సగానికి సగం ఆ సూదుల సందులోంచి వచ్చేవే. మొదట్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. వారానికి చెవులు అలవాటు పడ్డాయి.

ఆమెతో బస్సెక్కితే నాకు భయంగా ఉండేది. "ముంగట నిలబడ్డామెను చూడు. ఎడమ భుజం రెండు సూత్‌లు కిందికి దిగింది. కుట్టినోడు ఏం చూసిండో" అని పక్కనున్నవాళ్ళకు వినబడేలా చెప్పేది. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. టేపు మీద సన్న గీతల మధ్య ఉండే జాగా. ఆమె లోకమంతా ఆ గీతల మీదే నడిచేది. మామూలు మాటల్లోనూ సవా, డేఢ్, పౌనే తీన్ అంటూ పావులూ అరలూ ముప్పావులే దొర్లేవి. మిషను తొక్కడం మానేసి భోజనానికి లేచినా "పౌన్ గంటల వస్త" అని చెప్పి సరిగ్గా నలభై ఐదు నిమిషాలకు వచ్చి కూర్చునేది.

నేను ఆమె దగ్గర చేరింది ఒక ఎండాకాలం సెలవుల్లో. కమ్యూనిటీ హాల్లో ఆడవాళ్ళకు కుట్టు నేర్పుతున్నారని తెలిసి, నా బ్లౌజులు నేనే కుట్టుకుందామని పోయాను. అప్పటికి బడిలో లెక్కలు చెప్పడం మొదలుపెట్టి ఎనిమిదేళ్ళు. డిగ్రీలో లెక్కలే, బీఈడీలో లెక్కలే. టేపు పట్టుకోవడం ఎంతసేపు అని నాకు లోపల కొంచెం టెక్కు ఉండేది. దాచుకోవడం ఎందుకు, కొంచెం కాదు, బాగానే ఉండేది.

ఆమె క్లాసులో ఒక పద్ధతి ఉంది. పదిహేను రోజుల దాకా ఎవరూ గుడ్డ ముట్టడానికి లేదు. పేపరే కత్తిరించాలి. ఎవరైనా తప్పు కత్తిరిస్తే తిట్టేది కాదు, తప్పేంటో చెప్పేది కూడా కాదు. ఆ ముక్కను ఉండచుట్టి మూలకు విసిరి, కొత్త పేపర్ చేతిలో పెట్టి "మల్ల" అనేది. అంతే. ఆ ఒక్క మాట వినీ వినీ ఇంట్లో అన్నం మాడినప్పుడు కూడా నా నోట్లోంచి "మల్ల" అని వచ్చేది.

మొదటి రోజు ఛాతీ ముప్పై ఆరు కొలతకు పేపర్ కత్తిరించమంది. పేపర్‌ను నాలుగు మడతలు వేసి ఇచ్చింది. నేను బుర్రలోనే లెక్క చేశాను. ముప్పై ఆరులో నాలుగో వంతు తొమ్మిది. కానీ పేపర్ మడిచి ఉంది కదా, కాబట్టి తొమ్మిదిలో మళ్ళీ సగం. నాలుగున్నర దగ్గర గీత గీసి, ఠీవిగా కత్తిరించి, విప్పి పైకెత్తి పట్టుకున్నాను. హాలంతా ఒక్కసారి నవ్వింది. ఆ బ్లౌజు బొమ్మల కొలువులో బొమ్మకు సరిపోతుంది.

"టీచరమ్మా, గిది ఎవ్వలికి?" అంది ఆమె.

"మడత ఉంది కదక్కా, అందుకని సగం చేసిన."

"మడత పెట్టినప్పుడే నాలుగో వంతు అయింది. నువ్వు దాంట్ల మల్ల సగం కోసినవ్. నాలుగో వంతుల సగం ఎంత?"

"ఎనిమిదో వంతు."

"గదే కోసినవ్. లెక్క నీకు నోటికి వచ్చు, చేతికి రాలే" అని పేపర్ నా చేతిలో పెట్టింది. "మల్ల."

నాకు మొహం చెల్లలేదు. ఆ సాయంత్రం అందరూ పోయాక ఉండిపోయి, ఎనిమిదేళ్ళుగా నన్ను సతాయిస్తున్న సంగతి ఆమెకు చెప్పాను. అరను అరతో గుణిస్తే పావు ఎట్లా అవుతుందని పిల్లలు అడుగుతారు. గుణించడమంటే పెంచడం అని మూడో తరగతిలో మేమే చెప్పాం. ఆరో తరగతికి వచ్చేసరికి తగ్గుతుంది. పైది పైదాంతో, కిందిది కిందిదాంతో గుణించమని రూలు చెప్పి తప్పించుకుంటున్నాను.

ఆమె సూదులు తీయకుండానే పేపర్ మడిచింది. మడత మీద గోరుతో గీసింది. "ఇది అర." మళ్ళీ మడిచి మళ్ళీ గీసింది. "అరల అర." విప్పి నా ముందు పరిచింది. నాలుగు గళ్ళు. ఒక గడి మీద వేలు పెట్టింది.

"గుణించుడంటే పెంచుడని నీకెవ్వలు చెప్పిండ్రు? 'దాంట్ల ఇంత' అని అడుగుడు. అరల అర ఎంత అని అడిగితే గింత. ఇంట్ల ఉన్నదే సగం రొట్టె అయితే, దాంట్ల సగం నీకిస్తే పూర్తి రొట్టె ఎట్లొస్తది?"

అంతే. అయిదో తరగతిలో ఒకసారి, తొమ్మిదో తరగతిలో ఒకసారి బడి మానేసిన మనిషి చెప్పిన మాట అది. బీఈడీలో నాకు ఇది ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదనుకోండి.

ఇంకొకటి కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను. మెడ వెడల్పుకు ఆమె లెక్క ఛాతీలో నాలుగో వంతు, దాంట్లో మళ్ళీ మూడో వంతు. ఒకరోజు ముప్పై మూడు ఛాతీ కొలత వచ్చింది. నేను కాగితం తీసి ఒకటి బై మూడు, ఒకటి బై నాలుగు, ముప్పై మూడు అని వరసగా రాసి, అన్నీ గుణించి ముప్పై మూడు బై పన్నెండు చేసి, దాన్ని సూక్ష్మీకరించడం మొదలుపెట్టాను. అప్పటికే ఆమె సుద్దతో గీత గీసేసింది.

"రెండు ముప్పావు" అంది. "ముప్పై మూడు మూడుతోని ఎట్లయినా తెగుతది. తెగేదాన్ని ముందే తెంపక, ఇంత పెద్దగ పెంచుకొని మల్ల కోసుడెందుకు? ముందు కోసుకో, తర్వాత గుణించుకో. తేలిగ్గ ఉంటది."

ముప్పై మూడును మూడుతో కొట్టేస్తే పదకొండు, కింద నాలుగు మిగిలింది. పదకొండు బై నాలుగు అంటే రెండు ముప్పావే. ఆ జూన్‌లో బడి తెరిచాక మా ఆరో తరగతికి ఈ మాటే చెప్పాను. బోర్డు మీద పెద్ద పెద్ద అంకెలతో కుస్తీ పట్టే పిల్లలు ముందే కొట్టేయడం మొదలుపెట్టారు. మేడం గొప్పగా చెప్పిందని అనుకున్నారు. నేను దిద్దలేదు.

రెండేళ్ళ తర్వాత ఒక ఆదివారం ఆమె మా ఇంటికి వచ్చింది. మెడలో టేపు ఉంది, చంకలో పొడుగు నోట్‌బుక్ ఉంది, నోట్లో సూదులు లేవు. సూదులు లేకుండా ఆమె నా ముందు నిలబడటం అదే మొదటిసారి. ఏదో జరిగిందనుకున్నాను.

"టీచరమ్మా, జర లెక్కలు చెప్తవా?"

సంగతి ఇది. హాల్లో నడిచే కుట్టు క్లాసును సర్టిఫికెట్ ఇచ్చే కోర్సుగా మార్చబోతున్నారు. కోర్సు నడపడానికి ఇన్‌స్ట్రక్టర్ కావాలి. ఇన్‌స్ట్రక్టర్‌కు కనీసం పదో తరగతి ఉండాలి. ఆమె ఓపెన్ స్కూల్లో పది కట్టింది, మిగతావన్నీ గట్టెక్కింది. లెక్కలు రెండుసార్లు పోయాయి. వచ్చే బ్యాచ్ లోపల పాస్ కాకపోతే బయటినుంచి ఇన్‌స్ట్రక్టర్‌ను తెస్తారు. ఈమె కావాలంటే హెల్పర్‌గా ఉండొచ్చని మర్యాదగానే చెప్పారట.

"హెల్పర్‌గ ఉంటె తప్పేం లేదు" అంది. "గని కొత్తామె వచ్చి మొదటి దినమే గుడ్డ చేతికిస్తే? నా పిల్లలు గుడ్డలు ఖరాబ్ చేస్తరు. పేపర్ కోయించేది ఎవ్వలు?"

తన కుర్చీ పోతుందని ఆమెకు బాధ లేదనను. ఉంది, కళ్ళలో కనబడింది. కానీ నోటితో చెప్పింది మాత్రం ఆ పేపర్ గురించే.

నాకు అర్థం కాలేదు. భిన్నాలు వేళ్ళ మీద ఉన్న మనిషి లెక్కల్లో రెండుసార్లు ఎట్లా పోతుంది? ఆ ఆదివారమే పది లెక్కలు రాసిచ్చి చేయమన్నాను. వంటింట్లో టీ పెట్టుకొని వచ్చేసరికి పదీ చేసేసింది. మూడింట రెండును ఎనిమిదింట తొమ్మిదితో గుణించాలి. తొమ్మిదిని మూడుతో కొట్టేసింది, ఎనిమిదిని రెండుతో కొట్టేసింది, అందంగా మూడు బై నాలుగు తెచ్చింది. జవాబు దగ్గర మాత్రం ఒకటింపావు అని రాసింది. తర్వాతి లెక్క చూశాను. పద్ధతి అంతా సరైనదే, జవాబు తప్పు. పదికి పదీ అంతే. కాసేపు నా లెక్కే తప్పేమో అనిపించింది. మూడో లెక్క దగ్గర మళ్ళీ చూస్తే తట్టింది. ప్రతి జవాబూ సరిగ్గా అర ఎక్కువ ఉంది.

"అక్కా, ఈ అర ఎక్కడిది?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "కుట్టుకు."

"ఏం కుట్టుకు?"

"కొలత ఎంత వస్తె దానికి అరంగుళం కలపాలె గద. కుట్టుకు వదలకుంటె ఎట్ల? బిగుసుకపోదా?"

"ఇది గుడ్డ కాదక్కా. ఉత్త అంకె."

ఆమె తను రాసిన పేజీ వైపు చూసుకుంది. నిజంగా ఆమెకు తెలియదు. ముప్పై ఏళ్ళుగా ఆమె జీవితంలో భిన్నం కనబడిందంటే అది టేపు మీదే కనబడింది. టేపు మీద కనబడిన ప్రతిదానికీ చెయ్యి అరంగుళం కలిపింది. భిన్నాలు లేని లెక్కల్లో అట్లా చేసేది కాదు. పావులూ ముప్పావులూ వస్తే చాలు, చెయ్యి తనంత తానే కలిపేస్తుంది. రెండు పరీక్షలలోనూ పేపర్లు దిద్దినవాళ్ళు సున్నాలు వేసుకుంటూ పోయి ఉంటారు. ఆ అర ఎక్కడిదని అడిగేవాళ్ళు అక్కడ ఎవరుంటారు?

తెలిసింది కదా, ఇక మానేస్తుందిలే అనుకున్నాను. మానలేకపోయింది. తర్వాతి ఆదివారం పదింటిలో ఆరుకు కలిపింది. ఆ తర్వాత ఏడింటికి. జవాబు రాసి, పెన్ను ఎత్తి, ఒక క్షణం ఆగి, చేతిని చేత్తో పట్టుకున్నట్టు పట్టుకొని, చివరికి కలిపేసేది. "ఇరుకుగ కొడతది టీచరమ్మా. ఊపిరాడనట్టు ఉంటది" అనేది. నేను విసుక్కున్నాను. ఒకసారి గట్టిగానే అన్నాను, ఇంత చిన్న విషయం ఎందుకు పట్టుబడదు అక్కా అని. ఆమె నోట్‌బుక్‌లో ఆ పేజీ చింపి, ఉండచుట్టి, మా వరండా మూలకు విసిరింది.

"మల్ల" అంది, తనకు తానే.

దారి కూడా ఆమే కనుక్కుంది. నాలుగో ఆదివారం వచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది. పేపర్ మీద బ్లౌజు గీసేటప్పుడు రెండు గీతలు గీస్తారు. లోపలిది కుట్టు గీత, అసలు కొలత. దాని బయట అరంగుళం వదిలి కోత గీత. ఆమె లెక్క చేసింది, జవాబుగా మూడు బై నాలుగు రాసింది, పెన్ను ఎత్తింది. ఆమె ఆ అంకె చుట్టూ, నాలుగు పక్కలా అరంగుళం జాగా వదిలి, ఒక డబ్బా గీసింది.

"అంకె కుట్టు గీత. డబ్బా కోత గీత. నా అరంగుళం నేను వదిలిన, నీ అంకె నీకున్నది. ఇగ ఫికర్ లేదు."

నాకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. జవాబు చుట్టూ డబ్బా గీయమని నేను పిల్లలకు ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటాను. ఎందుకు గీయాలో నాకు తెలిసింది ఆ రోజే.

పరీక్ష రోజు సెంటర్ బయట నిలబడ్డాను. అందరికన్నా చివర వచ్చింది. అడిషనల్ షీట్లు అయిదు తీసుకున్నదట. ఒక్కో జవాబు చుట్టూ అంత జాగా వదిలితే మరి షీట్లు చాలవు. ఇన్విజిలేటర్ రెండుసార్లు వచ్చి ఏం గీస్తున్నావమ్మా అని చూసిపోయాడట.

"ఎక్కడన్న కలిపినవా?"

"రెండు జాగల చెయ్యి పోయింది. కొట్టేసి మల్ల డబ్బా గీసిన."

రిజల్ట్ బోనాల ముందు వారం వచ్చింది. ఆ వారంలో ఛత్రినాకలో కుట్టుపని చేసేవాళ్ళను పలకరించడం పాపం. హాలంతా బ్లౌజు ముక్కలు, వాటి లోపల వేసే అస్తర్లు, తొందరపెట్టే ఆడవాళ్ళ లొల్లి. బయట డప్పు ప్రాక్టీసు నడుస్తోంది. నేను ఫోన్ పట్టుకొని ఆమె మిషను పక్కన నిలబడ్డాను. తల ఎత్తలేదు.

"అక్కా, లెక్కల్ల నలభై ఒకటి."

కాలు ఆగింది. "ఎంతకు పాస్?"

"ముప్పై ఐదు."

నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటి తీసి దిండుకు గుచ్చింది. అన్నీ తీశాక అడిగింది, "మరి గా ఆరు ఎందుకు ఎక్కువొచ్చినై?"

"కుట్టుకు" అన్నాను.

ఆమె నవ్వింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ సూదులు నోట్లో పెట్టుకుంది. బోనాల పూట ఎవరి బ్లౌజూ ఆగడానికి లేదు. ఆ తర్వాతి బ్యాచ్ నుంచి ఇన్‌స్ట్రక్టర్‌గా కూర్చుంది. మొదటి రోజు నేనూ పోయి చూశాను. ఇరవై మంది చేతుల్లో ఇరవై పాత పేపర్లు. గుడ్డ ఎక్కడా లేదు. చివరిదాకా ఆ కుర్చీలోనే ఉంది. ఆమె మీద నాకున్న గౌరవానికి ఆ పాసూ ఆ కుర్చీ ముఖ్య కారణం కాదు. యాభై దాటాక, తనకు బాగా వచ్చిన పనిలోనే తన చెయ్యి చేస్తున్న తప్పేంటో తెలుసుకొని, ఆ చెయ్యిని నరుక్కోకుండా దానికో చోటు చూపించింది. అది నేను చేయగలనా అని ఇప్పటికీ అడుగుతుంటాను.

ఆమె పోయిన పదో రోజుకు రమ్మని కబురు వచ్చింది. ఆమె కుట్టిన బ్లౌజు వేసుకొని పోవాలనిపించింది. చాలా ఏళ్ళ కిందటిది, నా మావిడాకు రంగు చీర మీదిది. అది కుట్టేటప్పుడు ఆమెతో వాదించాను. లోపల గుడ్డ వదలొద్దక్కా, గరుకుగా గుచ్చుకుంటుంది, నేనింక లావు కాను, సరిగ్గా కొలతకే కుట్టు అన్నాను. సూదుల సందులోంచి "సరే" అంది.

ఆ పొద్దున తొడుక్కుంటే చేతులు దూరాయి కానీ హుక్కులు కలవలేదు. అద్దం ముందు కాసేపు గుంజుకొని, ఇక లాభం లేదని తీసి, లోపలి వైపు తిప్పాను. పక్క కుట్టు దగ్గర ఒకటి కాదు, మూడు వరసలు ఉన్నాయి. అన్నీ ఆమె సన్న కుట్టే. సరే అన్నదే తప్ప, నా మాట వినలేదు.

చిన్న కత్తెర తెచ్చి రెండు పక్కలా మొదటి వరస మెల్లగా విప్పాను. లోపల దాగిన గుడ్డ బయటికి వచ్చింది. బయటి రంగు వెలిసిపోయింది కానీ ఆ ముక్క మాత్రం కొన్ననాటి మావిడాకు రంగులోనే ఉంది. టేపు పెట్టి చూశాను. మొదటి వరసకూ రెండో వరసకూ మధ్య సరిగ్గా అరంగుళం. ముందు వెనక, కుడి ఎడమ, నాలుగు అరలు. రెండంగుళాలు. నా ముప్పై ఆరు ఇప్పుడు ముప్పై ఎనిమిది.

తొడుక్కుంటే హుక్కులు వాటంతట అవే కలిశాయి. మంచం అంచున కూర్చొని ఏడ్చాను. లేచి చీర కట్టుకుంటూ పక్క కుట్టును మరోసారి తడిమి చూశాను. రెండో వరస నన్ను పట్టుకొని ఉంది. దాని అవతల వేలికి మూడోది తగిలింది. దాని అవసరం పడే రోజు కూడా నాకు వస్తుందని ఆమె అప్పుడే అనుకొని కుట్టి పెట్టింది.